యూనియన్ ముక్కు

మార్చి 2

ముక్కుల డాక్టరు నా ఎడమ పుటంలోకి సన్నని లైటు పెట్టి చూసి, "ఈ వైపు గాలి ఆడక ఎన్నేళ్లయిందండీ?" అన్నాడు. ఇరవయ్యేళ్లన్నాను. అద్దాల ఫ్యాక్టరీ సమ్మెకు ఎన్నేళ్లో నా ముక్కుకు అన్నేళ్లు. గేటు దగ్గర గార్డు కర్రతో కొట్టాడని చెప్పాను. కొన్ని వందల సభల్లో చెప్పిన మాట. నోరు తెరిస్తే దానంతటదే వస్తుంది.

ఆయన ఎక్స్‌రే ఫిల్ము తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాడు. "కర్ర పైనుంచి పడితే ఇలా ఉండదే! దెబ్బ పక్కనుంచి వచ్చింది. బరువుగా, బల్లపరుపుగా ఉన్న వస్తువేదో. ఎముకంతా ఒకవైపుకే నొక్కుకుపోయింది, చూడండి."

ముక్కుల డాక్టరు ముక్కు చూడాలి. చరిత్ర చెప్పడం ఆయన పని కాదు. ఆ మాటే కాస్త మర్యాదగా అన్నాను. పక్క కుర్చీలో నా సహచరి నవ్వింది.

సహచరి అని రాస్తాను. భార్య అనే మాట నేను వాడను. మా ఇంట్లో "మీరు", "ఏమండీ" లేవు. పెళ్లినాడే ఇద్దరం "నువ్వు" అనుకుందామని ఒప్పందం. అప్పట్లో మా వీధిలో అదో వింత.

బస్సులో తిరిగొస్తూ ఆమె అంది: "ఆయన పది నిమిషాల్లో కనిపెట్టాడు. కోర్టుకు కనపళ్లేదు."

"మెల్లగా మాట్లాడు."

"మెల్లగానే అంటున్నానుగా, ఇస్త్రీపెట్టె అని."

కిటికీ వైపు తిరిగాను. ముందు సీటతను విన్నాడేమో తెలీదు.

మార్చి 4

ఇది నా ఒక్కడి కోసం రాసుకుంటున్నదే కాబట్టి వాదన సరిగ్గా పెట్టుకుందాం.

సమ్మె నాటి పొద్దున గేటు దగ్గర తోపులాట జరిగింది. గార్డు నన్ను తోశాడు. పడ్డాను, మోకాలు చీరుకుపోయింది. రెండొందలమంది చూశారు. ఇందులో అబద్ధం ఏముంది?

మధ్యాహ్నం కమిటీలో నా సహచరి అందరి ముందూ లేచి, డిమాండ్ల కాగితంలో కాంటీన్ ఆడవాళ్ల మాటే ఎందుకు లేదని నన్ను నిలదీసింది. ఆమె అప్పుడు ఆ కాంటీన్లోనే పని చేసేది. అడగడం తప్పని నేననను. అడగడానికో చోటుంటుంది, ఓ సమయముంటుంది. ఇంటికి వచ్చాక మాటా మాటా పెరిగింది. చెయ్యి జారింది. ఒకసారో రెండుసార్లో. రెండోసారికి ఆమె చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. మర్నాటి బ్యానరు గుడ్డ ఇస్త్రీ చేస్తుంటే యాజమాన్యం కాలనీకి కరెంటు పీకించింది, పెట్టె చల్లారిపోయింది. లేకపోతే ముక్కు పగలడంతో ఆగకుండా చెంప కూడా కాలేది.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు తనే అన్నాడు: "గేటు దగ్గరేనా సార్?" నేను తల ఊపాను. నేను చేసిందల్లా అదే. తర్వాత యూనియన్ రాసింది, పత్రికలు రాశాయి, కోర్టు రాసింది. కోర్టులోనూ నేను అన్నది ఒక్క "అవును". గార్డుకు పద్దెనిమిది నెలల జైలు పడింది.

ఒక్క గార్డు! కొలిమి దగ్గర వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ముప్ఫైమంది, ఆ యాజమాన్యం ఒక్కరోజైనా జైలు చూసిందా? ఆ ముక్కు చూసే బయట ఫ్యాక్టరీలవాళ్లు పని ఆపి మాకు తోడొచ్చారు. ఆ ముక్కు వల్లే సమ్మె గెలిచింది. ఏదైనా మొత్తంగా చూడాలి. విడి విడిగా చూసేవాడికి న్యాయం ఎప్పటికీ అర్థం కాదు.

బాగా రాశాను. పత్రికలో వేసుకోలేను గానీ.

మార్చి 5

యూనియన్ కార్యదర్శి వచ్చాడు. అందరూ సైరన్ అంటారు. అతను ఒక గేటు దగ్గర అరిస్తే మూడో గేటు దగ్గర షిఫ్టు మారేది. ఏప్రిల్ పన్నెండున సమ్మెకు ఇరవయ్యేళ్ల సభ. నా ముక్కు ఆపరేషన్ అంతకు ముందే అని తెలిసి లబలబలాడాడు.

"ఆ ముక్కు నీది కాదన్నా, యూనియన్ది! సభ సంచిక అట్ట మీద వెయ్యడానికి బొమ్మ కూడా గీయించేశాం. నువ్వు పెళ్లికొడుకులా తిన్నని ముక్కేసుకుని స్టేజీ ఎక్కితే జనం ఏం చూడాలి?"

"ఊపిరాడట్లేదురా. రెండు వాక్యాలకోసారి నోరు తెరుచుకుని నిలబడుతున్నాను."

"అదే కదన్నా నీ ఆవేశం! జనం కన్నీళ్లు పెట్టుకునేది అక్కడే."

సహచరి కుట్టుమిషను మీంచి తలెత్తకుండా అంది: "తీసేసిన ఎముక ముక్కలు సీసాలో పోసి ఆఫీసులో పెట్టుకో తమ్ముడూ. దండలెయ్యొచ్చు."

సైరన్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మార్చి 7

ముక్కులు బాగు చేయించుకునే పిచ్చి మీద పదేళ్ల కిందట నేనే నాలుగు వ్యాసాలు రాశాను. మొహాన్ని సరుకు చేసి, ముందు దానికో లోపం అంటగట్టి, తర్వాత మందమ్మే వ్యాపారం అని. ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. నాది వేరు. నాది గాలి కోసం. లోపలి గోడ సరిచెయ్యాలంటే బయటి ఎముక కూడా విరిచి కూర్చోబెట్టాలట, కాబట్టి ఆకారం దానంతటదే మారుతుంది. నేను అడగలేదు.

డాక్టరు కంప్యూటర్లో కొత్త ముక్కుతో నా మొహం చూపించి కాగితం మీద తీసిచ్చాడు. అందులో ఉన్నవాడికి ముప్ఫయ్యేళ్లు. ఎవరినీ ఏమీ అననివాడిలా ఉన్నాడు. పుస్తకంలో పెట్టుకున్నాను. ఇవాళ నాలుగుసార్లు తీసి చూశాను.

మార్చి 8

పొద్దున మహిళా దినం సభలో నలభై నిమిషాలు మాట్లాడాను. జీతం లేని చాకిరీ, ఇంటి లోపలి నియంతృత్వం. చప్పట్లు బాగా పడ్డాయి. ఒక టీచరమ్మ వచ్చి, మగవాళ్లంతా మీలా ఉంటే బాగుండేదండీ అంది.

మధ్యాహ్నం అన్నం దగ్గర సహచరి అంది: "ఆస్పత్రిలో నీతో పాటు ఉండాలంటే ఒక్కటి చెయ్యాలి. ఆ సభలో చెప్పు, గార్డు కొట్టలేదని."

"ఇరవయ్యేళ్ల తర్వాతా? ఎవరికి లాభం?"

"వాడికి."

"యాజమాన్యం పండగ చేసుకుంటుంది. నీకు వర్గ దృష్టి..."

"నీ నోట్లో ఉన్నంత వర్గ దృష్టి నా దగ్గర లేదులే. వాడూ జీతగాడే. గేటుకు అవతల పక్క నిలబడ్డాడు, అంతే."

"ఇన్నాళ్లూ నువ్వెందుకు నోరు మూసుకున్నావు మరి?"

ఆమె కంచం ముందుకు తోసింది. "ఎందుకా? నేనే కొట్టానని చెబితే ఎందుకు కొట్టావని అడుగుతారు. అది చెబితే మర్నాడు గేటు దగ్గర ఒక్కరు మిగలరు. సమ్మె కోసం మూసుకున్నా. సమ్మె అయి ఇరవయ్యేళ్లయింది."

మార్చి 9

చెయ్యి జారింది.

మార్చి 10

ఇవాళ ఏమీ జరగలేదు.

మార్చి 11

ఆమె కుడి దవడ కమిలింది. మాట్లాడుతుంటే నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదు. పక్కింటావిడ కత్తిరించిన గుడ్డ పట్టుకుని వచ్చి ఏమైందని అడిగింది. "అల్మరా తలుపు తగిలింది వదినా" అంది ఈమె, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఎంత సులువుగా అబద్ధమాడింది! రెప్ప కూడా ఆర్పలేదు. ఇలాంటి మనిషి నాకు నిజం గురించి చెబుతుంది.

మార్చి 13

పొద్దున పోయి సాయంత్రానికి వచ్చింది. చెప్పులు విప్పుతూ అంది: "గార్డుని చూసొచ్చాను."

రెండు బస్సులు మారి వెళ్లిందట. ఒక బారు గుమ్మం దగ్గర నిలబడే పని చేస్తున్నాడట.

"ఏం చెప్పావు?"

"ఉన్నది."

"ఏమన్నాడు?"

"కుర్చీ తెచ్చి కూర్చోబెట్టాడు. నా దవడ చూసి ఎవరని అడగలేదు. ఎప్పుడని అడిగాడు."

ఇంకా చెబుతుందని చూశాను. స్నానానికి వెళ్లిపోయింది. నా చెయ్యి బల్ల మీద ఉంది. చాలాసేపు దాన్ని బల్ల మీదే ఉంచాను. అది కూడా ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మార్చి 17

ఆస్పత్రి. నీలం గుడ్డ ముందు నిలబెట్టి ఆరు ఫొటోలు తీశారు: ఎదురుగా, రెండు పక్కలు, రెండు ఓరగా, కింద నుంచి ఒకటి. దొంగలకు తీసినట్టు.

రేపు ఏం చేస్తారో డాక్టరు చెప్పాడు. లోపల్నుంచి చిన్న ఉలి పెట్టి, సుత్తితో తట్టి, పాత విరుపు మీదే మళ్లీ విరుస్తారట. "తప్పుగా అతుక్కున్నదాన్ని పగలగొట్టకుండా సరిచెయ్యలేం కదండీ." తర్వాత కాగితం మీద పెన్ను పెట్టి, "ఏ వస్తువో సరిగ్గా చెబితే నాకు పనికొస్తుంది. ఎముక ఎటు నలిగి ఉంటుందో ముందే తెలుస్తుంది" అన్నాడు.

సహచరి రాలేదు. గదిలో మేమిద్దరమే. తలుపు వేసి ఉంది. చెప్పొచ్చు.

కర్ర అన్నాను. ఆయన నా వైపు ఒకసారి చూసి, కర్ర అని రాసుకున్నాడు.

మార్చి 19

కళ్లు తెరుచుకోవడం లేదు. సందులోంచి రాస్తున్నాను. అక్షరాలు ఎటో పోతున్నాయి.

అనుకున్నదానికి రెట్టింపు సేపు పట్టిందట. కర్ర దెబ్బ అనుకుని ఒకచోట ఉలి పెడితే, నలిగిన ఎముక ఇంకోచోట పెళ్లలుగా విడిపోయిందట. డాక్టరు కోపంగా ఉన్నాడు. ఏమీ అనడు.

అద్దం తెమ్మంటే నర్సు తెచ్చింది. రెండు కళ్ల చుట్టూ నల్లగా, వంకాయ తొక్కలు అంటించినట్టు. ముక్కు మీద గట్టి ప్లాస్టరు చిప్ప. పుటాల్లో బెత్తెడు పొడవు దూది వత్తులు. కింద మీసంలా కట్టిన గుడ్డ గంటకోసారి ఎర్రబడుతోంది. నోటితోనే ఊపిరి. పెదాలు అట్టల్లా పగిలిపోయాయి. మింగితే చెవుల్లో ఏదో పగులుతోంది. గొంతు వెనక నుంచి కడుపులోకి రక్తం దిగుతోందని తెలుస్తోంది.

చీదకూడదు. వంగకూడదు. గట్టిగా మాట్లాడకూడదు.

నన్ను కొట్టినవాళ్లెవరూ నాకు ఇంత చెయ్యలేదు.

మార్చి 20

జరిగింది జరిగినట్టే రాస్తాను.

పదకొండింటికి సైరన్ ఫొటోగ్రాఫరును వెంటేసుకుని వచ్చాడు. నా వాలకం చూసి నోరెళ్లబెట్టి, వెంటనే మొహం వెలిగించుకున్నాడు. "అన్నా, ఇది బొమ్మ కన్నా బాగుంది! ఇరవయ్యేళ్ల తర్వాత మళ్లీ నెత్తురు. పాత ముక్కు ఒక పక్క, ఇది ఒక పక్క వేస్తాం." ఫొటోగ్రాఫరు మంచం ఎక్కినంత పని చేశాడు.

అప్పుడు సహచరి వచ్చింది. వెనక ఒక మనిషి. గుమ్మం నిండుగా ఉన్నాడు. జుట్టు నెరిసింది, మెడ లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు ముందుకు పెట్టుకున్నాడు. నాకు వెంటనే తెలియలేదు. గేటు దగ్గర ఉన్నవాడు సన్నగా ఉండేవాడు.

"ఎవరమ్మా?" అన్నాడు సైరన్.

"మీ అన్న ముక్కు పగలగొట్టాడని జైలుకెళ్లినవాడు" అంది ఆమె. మంచం పక్క స్టూలు లాక్కుని కూర్చుంది. "వీడు కొట్టలేదు తమ్ముడూ. నేను కొట్టా. ఇస్త్రీపెట్టెతో. ఈయన నన్ను కొట్టాక. ఆ రోజు మొదటిసారి కూడా కాదు."

సైరన్ ముందు నవ్వాడు. తర్వాత ఆమె దవడ మీద పసుపు పచ్చగా మారిన కమురు చూశాడు. ఫొటోగ్రాఫరుతో, "నువ్వు బయటుండు" అన్నాడు.

నేను మాట్లాడాలి. ముప్ఫయ్యేళ్లుగా నేను మాట్లాడని గది లేదు. నోరు తెరిస్తే ముద్దముద్దగా ఏదో వచ్చింది. మ, న పలకవు. ముక్కు మూసుకుపోతే "నేను" అనే మాటే రాదు. మళ్లీ ప్రయత్నించాను. గట్టిగా. ఇంకా గట్టిగా. అబద్ధం అనబోయానో, ఆగమనబోయానో ఇప్పుడు గుర్తులేదు.

లోపల ఏదో తెగింది. వేడిగా. ఎడమ వత్తి సగం బయటికి వచ్చి వేలాడింది, దాని వెనకే రక్తం, కొళాయి తిప్పినట్టు. దుప్పటి మీద, పెదాల మీద, గొంతులోకి. వెల్లకిలా పడ్డాను. ఊపిరి పీలిస్తే రక్తమే వచ్చింది. సైరన్ "నర్సూ! నర్సూ!" అని అరుస్తూ నడవాలోకి పరిగెత్తాడు. మూడో గేటు దాకా వినపడి ఉంటుంది.

ఒక పెద్ద చెయ్యి నా మెడ వెనక పడింది. కొడతాడనుకున్నాను. గార్డు నన్ను లేపి కూర్చోబెట్టి, తల ముందుకు వంచాడు. గడ్డం కింద పళ్లెం పట్టుకున్నాడు. "మింగకు. ఉమ్మెయ్యి. నోటితో పీల్చు. కదలకు." ఆ చెయ్యికి ఈ పని తెలుసు.

అలా పట్టుకునే మాట్లాడాడు, నా నెత్తికి చెబుతున్నట్టు.

"తోసింది నేనే కదా. పడ్డప్పుడు తగిలిందేమో, నేనే కొట్టానేమో అనుకున్నా జైల్లో. ఇరవయ్యేళ్లు అదే అనుకున్నా. నిన్నగాక మొన్న ఈ అమ్మ వచ్చి చెప్పేదాకా. అంతకు ముందు నేనెవరి మీదా చెయ్యెత్తి ఎరగను. బయటికొస్తే ఏ గేటువాడూ పనివ్వలా. బారువాడు పిలిచాడు. 'లీడరు ముక్కు పగలగొట్టింది నువ్వేగా, రా' అన్నాడు. ఆ పేరుతోనే బతికా. ఇప్పటికి పదకొండు ముక్కులు పగలగొట్టా. మొదటిది మాత్రం నీది కాదు."

రక్తం పళ్లెంలో పడుతున్న చప్పుడు.

"పదకొండోది మా ఆవిడది."

సహచరి లేచింది. స్టూలు వెనక్కి జరుపుకుంది. ఇందాకటిదాకా వాడి పక్కన ఉంది. ఇప్పుడు గోడకు ఆనుకుని మా ఇద్దరికీ దూరంగా కూర్చుంది.

నర్సులు వచ్చి అందరినీ పంపేశారు. మత్తు లేకుండానే కొత్త వత్తులు కూరారు. దాని గురించి రాయను.

అంతకు ముందే, బయటికి వెళ్లబోతూ గార్డు గుమ్మం దగ్గర ఆగాడు. "నాకు కాగితం మీద క్షమాపణ వద్దు. ఆ సభలో చెప్పు. నేనొస్తా."

నడవాలో సైరన్ గొంతు వినపడింది: "ఇంటి సంగతి ఇంట్లో ఉండాలి వదినా..."

ఆమె గొంతు: "కోర్టు దాకా వెళ్లింది కదయ్యా మా ఇల్లు. అప్పుడెందుకు ఇంట్లో ఉండలా?"

మార్చి 24

ఆలోచిస్తున్నాను.

మార్చి 28

చిప్ప తీశారు. ముక్కు తిన్నగా ఉంది. కాగితంలోని మొహం కాదు గానీ దానికి దగ్గరగా ఉంది. వాపు దిగితే ఇంకా బాగుంటుందన్నాడు డాక్టరు.

ఎడమ వైపు నుంచి గాలి లోపలికి పోయింది. చల్లగా, నేరుగా నుదుటి వెనక దాకా. గాలి చల్లగా ఉంటుందన్న సంగతే మరిచిపోయాను. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని పావుగంట ఊపిరి పీలుస్తూ ఏడ్చాను. ఎందుకో తెలీదు. మందుల వల్ల కావచ్చు.

ఏప్రిల్ 3

ఆమె ముందు గదిలో మిషను పక్కన పడుకుంటోంది. వంట చేస్తుంది, మాట్లాడదు. నేను దగ్గర్లో నడిస్తే చేతిలో ఉన్నది కింద పెడుతుంది, రెండు చేతులూ ఖాళీ చేసుకుంటుంది. ఈ అలవాటు కొత్తదా పాతదా? ఇన్నేళ్లలో నేనెప్పుడూ చూడలేదు.

ఏప్రిల్ 9

సైరన్ మూడుసార్లు వచ్చాడు. చివరికి ఒక వాక్యం రాసిచ్చాడు: "నాటి గందరగోళంలో బాధ్యుల విషయమై కొన్ని పొరపాట్లు జరిగి ఉండవచ్చు." నేనే నేర్పాను వాడికి ఇలా రాయడం. చించేశాను. సొంతంగా రాసుకుంటాను.

ఏప్రిల్ 12

మధ్యాహ్నం రెండింటికి సభ. హాలు నిండింది, నాలుగొందలమంది ఉంటారు. ముందు వరసలో పాత కాంటీన్ ఆడవాళ్లు, వాళ్లలో నా సహచరి. చివర తలుపు దగ్గర గార్డు నిలబడ్డాడు. చేతులు ముందుకు పెట్టుకుని.

నేను లేచి మైకు చేతిలోకి తీసుకోగానే ఎవరో, "అన్నా, ముక్కేదీ?" అని అరిచారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సులువుగా ఊపిరి ఆడుతోంది, ఎక్కడా ఆగనక్కర్లేదు.

చెప్పాను. ఇక్కడ వెనక్కి తగ్గలేదు, అది రాసుకోవాలి. "ఆ రోజు గార్డు నన్ను కొట్టలేదు. తోశాడు, అంతే. ఆయన చెయ్యని నేరానికి ఆయన జైలుకు వెళ్లాడు. ఆ తప్పు నాది. ఆయన ఈ హాల్లోనే ఉన్నాడు, నన్ను క్షమించమని ఆయన్ని అడుగుతున్నాను." నవ్వులు ఆగిపోయాయి. తలలు వెనక్కి తిరిగాయి. గార్డు నేల చూస్తున్నాడు.

"మరి ఎవరు కొట్టారన్నా?" పాత కొలిమి పనివాడు ఒకడు, మధ్యలోంచి.

దీనికి కూడా వాక్యం రాసుకున్నాను. "ఇంట్లో జరిగిన చిన్న ప్రమాదం" అన్నాను.

ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకొందరు కలిశారు. నిజం చెప్పిన నాయకుడికి చప్పట్లు. సైరన్ మొహం తేటపడింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇంత తేలికా అనిపించింది, ఇంతేనా అనిపించింది.

సహచరి లేచింది. మెట్లెక్కి స్టేజీ మీదికి వచ్చింది. చప్పట్లు ఇంకా పెరిగాయి, భర్త పక్కన నిలబడటానికి వస్తోందనుకున్నారు. దగ్గరికి వచ్చి నిలబడింది. మాట్లాడతానంటుందని తెలుసు. ఆపకూడదని కూడా ఆ క్షణంలో అనుకున్నాను. మైకు ఆమె వైపు చాపాను.

గబుక్కున చాపానేమో.

ఆమె మోచెయ్యి లేచి మొహానికి అడ్డం పడింది. కళ్లు మూసుకుపోయాయి. మెడ భుజాల్లోకి కుంగి, ఒక మోకాలు వంగింది. ఆమె అనుకుని చేసింది కాదు. ఒళ్లు చేసింది.

చప్పట్లు వెనక వరసల్లో ఒకటి రెండు మోగి ఆగిపోయాయి. ముందు వరసలో ఆమె పక్క కుర్చీలో కూర్చున్న కాంటీన్ ఆవిడ మోచెయ్యి కూడా సగం దాకా లేచి ఉంది. దాన్ని ఆవిడ వింతగా చూసుకుంటోంది.

నా భార్య చెయ్యి దించింది. కళ్లు తెరిచి, నా చేతిలోని మైకు దగ్గరికి నోరు తెచ్చి, నాలుగొందలమందితో, "చూశారుగా" అంది. స్టేజీ దిగి మధ్య దారిలోంచి నడుచుకుంటూ వెళ్లింది. తలుపు దగ్గర గార్డు పక్కకు తప్పుకున్నాడు. ఆమె వాడినీ చూడలేదు.

మైకు మళ్లీ నా నోటి దగ్గరికి తెచ్చుకున్నాను. హాలంతటా స్పీకర్లలో నా ఊపిరి వినపడుతోంది, రెండు వైపుల నుంచీ, ఏ అడ్డూ లేకుండా.